పూత ఆరేలోగా

పిడుగురాళ్ల పేరు చెబితే సున్నపు బట్టీలు గుర్తొస్తాయి. అమరావతి స్తూపం శిల్పాలకు రాయిచ్చింది కూడా ఈ పల్నాటి సీమే. అదే జాతి సున్నపురాయికి ఇటలీలో ఇంకో పని పడింది. యూరప్ పాత చిత్రకళ అనగానే మనకు నూనెరంగుల పటాలు, బంగారు పూత చట్రాలు మెదులుతాయి గానీ, అక్కడ ఆ కళకు దిట్టతనం వచ్చింది చర్చి గోడల మీద, తడి సున్నంలో. ఆ బొమ్మల్లోని తల్లులూ బిడ్డలూ పునీతులూ అంత నిబ్బరంగా నిలబడటానికి భక్తి ఒక్కటే కారణం కాదు, సున్నం పెట్టిన గడువు కూడా కారణమని నా వాదన.

సున్నపురాయిని సుమారు 900 డిగ్రీల వేడిలో కాలిస్తే బొగ్గుపులుసు వాయువు పోయి పొడిసున్నం మిగులుతుంది. నీళ్లు పడితే కుతకుత ఉడికి మెత్తబడుతుంది. ఇసుక కలిపి గోడకు పూస్తే, పోగొట్టుకున్న వాయువునే గాలిలోంచి తిరిగి పీల్చుకుంటూ మెల్లగా మళ్లీ రాయవుతుంది. ఆ తడి ఆరకముందే వట్టి నీళ్లలో కలిపిన రంగు అద్దితే, జిగురు లేకుండానే రంగు రాయిలో చిక్కుకుంటుంది. అందుకే చిత్రకారుడు ఆ పూట గీయగలిగినంత మేరకే పూత వేయించేవాడు. గీత తప్పితే దిద్దుబాటు లేదు, పూత చెక్కేసి మళ్లీ వేయాల్సిందే. సున్నం ఘాటుకు జాజు, పసుపు మట్టి తట్టుకుంటాయి. ఖరీదైన నీలాన్ని మాత్రం పూత ఆరాక జిగురుతో అద్దేవారు, ముందుగా రాలిపోయేదీ అదే.

ఈ గడువు మనిషి చేత ఏం చేయించిందో పడువా ఊళ్లో, 1305లో ప్రతిష్ఠించిన స్క్రొవెన్యి ప్రార్థనాలయంలో చూడాలి. అక్కడ జొత్తో గీసిన బొమ్మల్లో మరియమ్మ తల్లిదండ్రులు అన్న, యోవాకీముల కథ ఉంది. పిల్లలు లేరని గుడిలోంచి గెంటేస్తే యోవాకీము మందల దగ్గరికి పోతాడు. బిడ్డ పుడుతుందన్న కబురు అందాక నగర ద్వారం దగ్గర భార్యాభర్తలు కలుసుకుంటారు. అన్న ఒక చెయ్యి అతని తల వెనక వేసి, రెండో చేత్తో చెంప పట్టుకుంటుంది. రెండు ముఖాలూ ఒకదానిలో ఒకటి కలిసిపోతాయి. తీరిక లేని చెయ్యి అక్కర్లేనిదంతా వదిలేసి, ఆ పట్టు ఒక్కటే ఉంచింది.

నూనెరంగులు వచ్చాక ఈ అవస్థ ఎందుకని అడగొచ్చు. నూనెతో పొర మీద పొర వేసి చర్మానికి వెలుగు తెచ్చిన మాట నిజమే, ఆ మెత్తదనం సున్నానికి రాదు. కానీ తీరిగ్గా దిద్దుకోవచ్చని లియొనార్డో 1490ల్లో మిలాన్ మఠం గోడ మీద ‘కడరా భోజనం’ ఆరిన పూతపైనే గీశాడు. ఆయన బతికుండగానే అది పెచ్చులూడటం మొదలైంది.

పరాయి మతం బొమ్మలు మనకెందుకన్నది ఇంకో అభ్యంతరం. సంతానం లేక నలుగురిలో తలదించుకున్న దంపతుల కథ తెలుగు ఊళ్లకు కొత్తదా? ఫ్లోరెన్సులో మసాచియో 1420ల్లో గీసిన త్రిత్వం బొమ్మ కింద, డబ్బిచ్చిన దంపతులు మోకరిల్లి కనిపిస్తారు. మన లేపాక్షి వీరభద్రాలయం కప్పు మీద, 16వ శతాబ్దపు బొమ్మల్లో, గుడి కట్టించిన విరుపణ్ణ, వీరణ్ణ సోదరులు దేవుడికి మొక్కుతూ కనిపిస్తారు. లేపాక్షి పద్ధతి పడువా పద్ధతి కాకపోవచ్చు. కింద పూత మాత్రం అక్కడా ఇక్కడా సున్నమే, దేవుడి పక్కన తమ వాళ్లకూ చోటడిగిన కోరికా ఒకటే.