అలల జుట్టు, తపసి బంక

1929 అక్టోబరులో న్యూయార్క్ షేర్ల బజారు కూలిపోయినప్పుడు పారిస్‌లో మొదట గుండె జారినవాళ్ళలో ఫ్యాషన్ దుస్తుల వాళ్ళున్నారు. జాఁ పాటూ కొట్టుకి అమెరికా శ్రీమంతురాళ్ళే పెద్ద ఖాతాదారులు. వాళ్ళు ఓడెక్కి రావడం తగ్గిపోయింది. అలాంటప్పుడు ఎవరైనా ధర దించుతారు. పాటూ పెంచాడు. 1930లో ఆఁరీ అల్మెరాస్ చేత ‘జాయ్’ అనే అత్తరు తయారు చేయించి, లోకంలో ఇంత ఖరీదైనది మరొకటి లేదని చాటించి మరీ అమ్మాడు. ముప్ఫై మిల్లీలీటర్లకు 10,600 జాజిపూలు, 28 డజన్ల గులాబీలు పడతాయని ఆ సంస్థ చెప్పుకునేది. గౌను కొనలేని ఆవిడ సీసా అయినా కొనకపోతుందా అన్నది అతని ధైర్యం. 2001 మాంద్యంలో ఎస్టీ లాడర్ సంస్థ అధిపతి లియొనార్డ్ లాడర్ లిప్‌స్టిక్ అమ్మకాల గురించి చెప్పింది కూడా దాదాపు ఇదే: చేతిలో డబ్బు ఆడనప్పుడు ఆడవాళ్ళు పెద్ద సోకులు మాని చిన్న సోకులు ఉంచుకుంటారని.

జాయ్ ఘనత ఎందరో రాశారు. ఆ సీసా కూడా కొనలేని వాళ్ళ మాట ఎవరూ పెద్దగా ఎత్తలేదు. టైపిస్టులు, దుకాణాల్లో సరుకు అమ్మే అమ్మాయిలు, పని పోయినవాళ్ళ భార్యలు — వాళ్ళ ఫొటోలు ఇప్పటికీ దొరుకుతాయి. బట్టలు మామూలువే. జుట్టు మాత్రం నుదుటి నుంచి చెవి దాకా వరుస వరుసలుగా అలలు తిరిగి, ఒక్క వెంట్రుక చెదరకుండా ఉంటుంది. దాన్ని ఫింగర్ వేవ్ అనేవారు. అంతకు ముందు మార్సెల్ పద్ధతిలో కాల్చిన ఇనప కడ్డీలతో అలలు తిప్పేవారు. ఈ కొత్త పద్ధతికి దువ్వెన, రెండు వేళ్ళు, కాస్త లోషను చాలు. ఇంట్లో అద్దం ముందు కూర్చుని చేసుకోవచ్చు.

ఆ అలల్ని నిలబెట్టిన లోషన్లు చాలావాటిలో ఉన్నది బంక. అందులోనూ మన దేశపు అడవుల బంక. ఇంగ్లీషు వ్యాపారులు కరాయా అన్నారు. ఖమ్మం వైపు అడవిలో దాని పేరు తపసి బంక.

ఇది పెద్దింటి గుమ్మంలోకి దొంగదారిన వెళ్ళిన సరుకు. మొదట్లో ఇరాన్, టర్కీల నుంచి వచ్చే ట్రాగకాంత్ అనే మేలిరకం బంకలో దీన్ని కల్తీగా కలిపేవారు. ఇరవయ్యో శతాబ్దం మొదటి దశాబ్దాల్లో, చవగ్గా దొరికే ఈ బంక కొన్ని పనుల్లో అసలుదానికంటే బాగుందని తేలి, సొంత పేరు మీద అమ్ముడుపోయింది. కల్తీ సరుకుకి ఇంత మర్యాద దక్కడం వ్యాపార చరిత్రలో అరుదు. డబ్బు ఇబ్బంది ఉన్న రోజుల్లో ఆ చవకదనం ఎంత అక్కరకు వచ్చిందో వేరే చెప్పాలా?

ఈ బంక దొరికే ఖమ్మం వైపు అడవుల్లో ఆ కాలంలో గోదావరే సరిహద్దు. దక్షిణపు ఒడ్డున నైజాం రాజ్యం. ఖమ్మం అప్పటికి వరంగల్ జిల్లాలో భాగం. ఎదుటి ఒడ్డున మద్రాసు ప్రెసిడెన్సీ; భద్రాచలం 1959 దాకా తూర్పు గోదావరి ఏజెన్సీలోనే ఉంది. 2014లో చింతూరు, కూనవరం, వరరామచంద్రపురం మండలాలు మళ్ళీ ఆంధ్రలో కలిశాయి. గీతలు ఇన్నిసార్లు మారినా బంక తీసేవాళ్ళు మాత్రం కోయలు, కొండరెడ్లే.

తపసిని ఎండాకాలంలో గుర్తుపట్టడానికి అడవి తెలిసి ఉండక్కర్లేదు. ఆకంతా రాల్చేసి, రాతి గుట్టల మీద తెల్లటి నున్నటి ఒంటితో నిలబడి ఉంటుంది. పై బెరడు పలచటి పొరలుగా లేస్తుంది. కాయలు ఐదైదు కలిసి, ఎర్రటి నూగుతో ఉంటాయి. ముట్టుకుంటే ఆ నూగు గుచ్చుకుని మంటపెడుతుంది. లోపలి గింజల్ని వేయించుకుని తింటారు. ఈ చెట్టుని శాస్త్రలోకానికి పరిచయం చేసింది విలియం రాక్స్‌బర్గ్, 1795లో, కోరమాండల్ తీరపు మొక్కల గురించి అచ్చువేసిన సంపుటంలో. ఆయన ఎన్నో ఏళ్ళు మన సామర్లకోటలో తోట పెంచిన మనిషి.

ఇక పనితనం. బంక తీయడమంటే చెట్టుకి గాటు పెట్టడం. గాటు ఎవరైనా పెడతారు. ఎక్కడ ఆపాలో తెలియడమే విద్య. బెరడు దాటి చెక్కలోకి కత్తి దిగకూడదు. బెరడుకీ చెక్కకీ నడుమ పలచటి సజీవమైన పొర ఒకటుంటుంది. గాయాన్ని పూడ్చేది అదే. గొడ్డలితో లోతుగా నరికితే మొదట బంక దండిగానే కారుతుంది. తరవాత ఆ గాయం మానదు, పురుగు చేరుతుంది, లోపల కుళ్ళుతుంది, ఒక గాలివానకి చెట్టు విరిగి పడుతుంది. అలా పోగొట్టుకున్న చెట్లకు లెక్కలేదు. మంచి చెయ్యి ఉన్నవాడు వాడే కత్తి సన్నగా, మంచి పదునుగా ఉంటుంది. మోకాలికి కాస్త పైన, బాగా ముదిరి లావెక్కిన మాను మీదే, నాలుగైదు మిల్లీమీటర్ల లోతున చిన్న చెక్కు తీస్తాడు. మాను చుట్టూ గాట్లు పెట్టడు, పెడితే చెట్టుకి పోషణ ఆగిపోతుంది.

గాటు పడిన కొద్దిసేపటికే బంక ఉబికి వస్తుంది. మొదటి రోజు కారేదే ఎక్కువ. ఆ తరవాత మెల్లగా ముద్దకట్టి గట్టిపడుతుంది. దాన్ని తీసుకుని, గాటు పై అంచు నుంచి మళ్ళీ సన్నటి పొర చెక్కుతాడు. కల్లు గీసేవాడు గెల కొసను పలచగా కోస్తూ పోయినట్టే, ఇతని గాటు వారం వారం పైకి జరుగుతుంది. కొలబద్ద ఏదీ ఉండదు. కత్తి కింద బెరడు చేసే చప్పుడు, చేతికి తగిలే మెత్తదనం, అంతే. నాకు మాత్రం ఈ నిగ్రహం ఫ్రాన్స్‌లోని గ్రాస్ పూలతోటల్లో తెల్లారుజామున జాజులు కోసే పనికంటే గొప్పదనిపిస్తుంది. పువ్వు తెంపితే మర్నాటికి ఇంకొకటి పూస్తుంది. తపసికి ఒక్కసారి లోతుగా తగిలితే ఏళ్ళు పడుతుంది, కొన్నిసార్లు మానదు.

విశాఖపట్నం కేంద్రంగా పనిచేసే కోవెల్ ఫౌండేషన్ 1990ల నుంచి గిరిజనులకు ఈ పైపై గాటు పద్ధతిలో శిక్షణ ఇస్తూ వచ్చింది. అడవికి పట్నం వచ్చి పాఠం చెప్పిందని కొందరు నవ్వొచ్చు. గొడ్డలి దెబ్బకి ఆశపడేలా చేసిందీ పట్నం బేరగాళ్ళే కదా!

ఎండ ముదిరేకొద్దీ బంక బాగా వస్తుంది. వేసవి బంకకే చిక్కదనం ఎక్కువ, విలువా ఎక్కువ. వాన పడితే మట్టి, బెరడు రంగు కలిసి పాడవుతుంది. తీసిన ముద్దల్ని శుభ్రమైన చోట ఆరబెట్టి, ముక్కలుగా కొట్టి, అంటుకున్న బెరడును గీకి తీసేస్తారు. ఆ తరవాత ఏరడం. తెల్లగా, గాజులా వెలుతురు కనబడే ముక్కలు ఒకవైపు. ఎర్రమట్టి రంగువి మరోవైపు. బెరడు నలుసులున్నవి ఇంకో కుప్ప. అంతర్జాతీయ వ్యాపారంలో అన్నిటికంటే పై తరగతికి హెచ్.పి.ఎస్. అని పేరు, అంటే చేత్తో ఏరి ఎంచిన సరుకు. పై తరగతికి కొలమానం ఇప్పటికీ మనిషి కన్నూ వేళ్ళూనే.

ఈ బంకకు ఒక వింత గుణముంది. నీళ్ళలో పూర్తిగా కరగదు, ఉబ్బుతుంది. చిటికెడు పొడి రాత్రి గ్లాసులో వేసి ఉంచితే పొద్దుటికి దాని పరిమాణానికి ఎన్నో రెట్లు జిగురు తయారవుతుంది. వాసన చూస్తే వెనిగర్ పులుపు. బంక అణువులోనే ఎసిటిక్ ఆమ్లపు భాగాలు అతుక్కుని ఉంటాయి. నిలవ ఉంటే అవి విడిపోయి పులుపు పెరుగుతుంది, జిగురు తగ్గుతుంది. పొడి చేస్తే ఇంకా త్వరగా తగ్గుతుంది. అందుకే ముద్దలుగానే ఓడెక్కించి, వాడే ముందు అక్కడ పొడికొట్టేవారు.

లోషను చేసేవాళ్ళ నేర్పూ తక్కువది కాదు. పొడిని తిన్నగా నీళ్ళలో వేస్తే ఉండలు కడుతుంది. ముందు కొంచెం ఆల్కహాలుతో తడిపి, అందులోనే సుగంధ తైలం చుక్కలు కలిపి, నీళ్ళన్నీ ఒక్కసారిగా పోసి కలిపేవారు. తడి జుట్టుకి రాసి, వేలితో నొక్కి పట్టి, దువ్వెనని ఒకసారి ముందుకి, ఒకసారి వెనక్కి లాగితే అల తిరుగుతుంది. ఆరాక బంక సన్నటి పొరగా వెంట్రుకల్ని పట్టి ఉంచుతుంది, కడిగితే పోతుంది. పాటూ సీసాలో పరిమళం మహారాణి. ఇక్కడ దాని పని పులుపు వాసన పైకి రాకుండా చూడటమే!

ఆ రోజులు శాశ్వతం కాలేదు. 1950లలో డబ్బాల్లో హెయిర్ స్ప్రేలు వచ్చాయి. బంక చేసే పనిని పీవీపీ అనే కృత్రిమ పదార్థం ఎత్తుకుపోయింది. తపసి బంక మాత్రం వీధిన పడలేదు. కట్టుడు పళ్ళను చిగుళ్ళకు పట్టి ఉంచే పొడిలోకి, మలబద్ధకం మందుల్లోకి, పేగు ఆపరేషన్ అయినవాళ్ళ పొట్టకు సంచీ అంటించే వలయాల్లోకి, ఈ–416 అనే సంఖ్యతో తినే సరుకుల్లోకి చేరింది. సోకు నుంచి వైద్యానికి మారిన సరుకు ఇది. మాంద్యం వచ్చినా పళ్ళు పెట్టుకోవడం ఎవరూ మానరు కాబట్టి, నా లెక్కలో ఇది మంచి మార్పే.

ఇక్కడ కొనుగోలు సంగతి. 1956లో పుట్టిన గిరిజన సహకార సంస్థకు 1979 నాటి చట్టంతో షెడ్యూల్డు ప్రాంతాల్లో చిన్న తరహా అటవీ ఉత్పత్తులు కొనే గుత్తహక్కు వచ్చింది. ఉప్పూ పప్పూ అమ్మే ఆ సంస్థ డి.ఆర్. డిపోలోనే బంకా తూకం వేస్తారు. 2013లో కేంద్రం అటవీ ఉత్పత్తులకు మద్దతు ధర పథకం మొదలుపెట్టినప్పుడు తొలి జాబితాలోనే తపసి బంక ఉంది. మంచిదే. అయితే మద్దతు ధర బరువుకి భరోసా ఇస్తుంది, చేతికి ఇవ్వదు. గొడ్డలితో నరికి బెరడుతో సహా తెచ్చిన కిలోకీ, సన్నటి కత్తితో తీసి, ఆరబెట్టి, ఏరి తెచ్చిన కిలోకీ తేడా పది రూపాయలే అయితే పైపైన గీసే ఓపిక ఎవరికి మిగులుతుంది? తరగతుల మధ్య ధర తేడా బాగా పెంచాలి. ఆ తేడా సంతరోజున, తూకం వేసిన చోటే, గీసినవాడి చేతిలో పెట్టాలి. గిరిజన సంస్థలు ఈ వేసవి కొనుగోళ్ళకు ముందే ఆ పని చేయాలి.