రత్నపరీక్షలో మరచిన దోషము

వరాహమిహిరుని బృహత్సంహితయందు రత్నపరీక్షకు ప్రత్యేకాధ్యాయములు కలవు. వజ్రమునకు వేణాతీరము, కోసలము, కళింగము మున్నగు జన్మస్థానములను పేర్కొని, స్థానమును బట్టి వర్ణభేదమును నిర్ణయించుట ఆ గ్రంథపు ఘనత. అయినను త్రవ్వినవాని ఊసు అందు లేదు.

ఈ లోటును కొంత తీర్చినది 1676లో వెలువడిన టావెర్నియే యాత్రాగ్రంథము. కృష్ణాతీరపు కొల్లూరు గనిలో సుమారు 60,000 మంది పాటుపడుచుండిరనియు, పురుషులు త్రవ్వగా స్త్రీలును పిల్లలును మట్టి మోయుచుండిరనియు అతడు వ్రాసెను. రత్నవర్తకుడయ్యును కూలివానిని చూచినాడు.

ఈ విచారము మన ఉడుమలైపేటకు దూరమైనది కాదు. కాంగేయము చెంతనున్న పడియూరు బెరిల్ రాళ్లకు పేరుగన్నది. నొయ్యల్ ఒడ్డున కొడుమణల్ త్రవ్వకములలో పూసలు చేసిన పనివాండ్ర జాడలును, కుండపెంకులపై మనుష్యుల పేరులును బయల్పడినవి.

నేడు స్ఫటికము రోగహరమని అమ్మువారు ఫలశ్రుతిని విపులముగా చదువుదురు. గని పేరు మాత్రము చెప్పరు. ఆ రోగహరణమునకు శాస్త్రీయ నిదర్శనమును లేదు. 2003లో అమలునకు వచ్చిన కింబర్లీ ఏర్పాటు ముడివజ్రములకే గాని స్ఫటికములకు వర్తింపదు. గనియన్నచో వరిచేను గాదు; ఏటేట మరల పండదు.

కావున జాతకమునకై రాయి కొనబోవు మనవారు మచ్చలను వెదకుటకు ముందు, “ఇది ఎచ్చటిది? త్రవ్వినవానికి తగిన కూలి ముట్టినదా?” అని అడుగవలెను. ఉత్తరము లేనిచో రత్నపరీక్షలో దానినే మొదటి దోషముగా ఎన్నవలెను.