ఒక్క దెబ్బకు నిప్పు

మా వైపు ఇళ్లలో పెద్దాయన పోయాక పొలం గట్లు కొలుస్తారు, ఇత్తడి బిందెలు తూస్తారు, గొడ్ల కొట్టంలో వాసాలు కూడా లెక్కపెడతారు. పంపకాల కాగితం మీదికి ఎప్పుడూ ఎక్కనిది చుట్ట ముట్టించుకునే చెకుముకి సంచి. అది పెద్ద కొడుక్కో, అరుగు మీద తాత పక్కన కూర్చుని కబుర్లు విన్న మనవడికో అడగకుండానే చేరిపోయేది. మా నాయన తరం దాకా అలాగే జరిగింది. ఇప్పుడది పాత ఇనుప సామాన్ల బండికి చేరుతోంది. ఈ నాలుగు మాటలు రాయడానికి కారణం అదే.

సంచి అంటే జానెడు మేకతోలు ముక్కో, మందపు గుడ్డో. నోటికి తాడు. రొండిన దోపుకుంటే బయటికి కనపడదు. లోపల చెకుముకి రాయి, ఉక్కు ముక్క, మూత ఉన్న చిన్న వెదురు గొట్టంలో దూది. కలిగిన ఇళ్లలో గొట్టం ఇత్తడిది. చుట్టలు తాటాకు బుట్టలో వేరుగా ఉండేవి. సగం కాల్చిన చుట్ట మాత్రం చెవి మీదే.

ముందు ఉక్కు సంగతి చెప్పాలి, పనితనమంతా అక్కడే ఉంది. నిప్పు రాయిలో దాక్కుని ఉంటుందని చాలామంది అనుకుంటారు. నిప్పు ఉక్కుది. రాయి అంచు ఉక్కు కన్నా గట్టిది కాబట్టి దెబ్బ పడగానే ఉక్కు మీద నుంచి సన్నటి రజను లేస్తుంది. ఆ రాపిడి వేడికి, గాలి తగిలి, రజను మండుతుంది. మనకు కనిపించే రవ్వ మండుతున్న ఇనుమే. మెత్తటి ఇనుముతో పొద్దుగూకేదాకా కొట్టినా చెయ్యి నొప్పి తప్ప ఏమీ మిగలదు. కర్బనం బాగా పట్టిన ఉక్కు కావాలి. అందుకే ఊరి కమ్మరి అరిగిపోయిన ఆకురాయినో, విరిగిన కొడవలినో తీసుకునేవాడు. కొలిమిలో ఎర్రగా కాల్చి, వేళ్లు దూరేటట్టు వంచి, ఒక్కసారిగా నీళ్లలో ముంచేవాడు. కత్తికైతే ఆ తర్వాత మళ్లీ కాస్త సెగ చూపించి పెళుసుదనం తగ్గిస్తారు. చెకుముకి ఉక్కుకు ఆ సెగ తగలకూడదు. కింద పడితే విరిగేంత పెళుసుగా ఉంటేనే రవ్వలు కుప్పగా రాలతాయి. ఏ పాఠశాలలోనూ లోహశాస్త్రం చదవని మనిషి కొలిమి రంగు చూసి ఈ తేడా పట్టుకున్నాడంటే ఆయనకు చేతులెత్తి దణ్ణం పెట్టాలి.

రాయి పెద్ద సమస్య కాదు. అంచు పదునుగా ఉంటే పలుగురాయి కూడా పనికొస్తుంది. గుండ్లకమ్మ ఒడ్డున వెతుక్కునేవాళ్లు. గిద్దలూరు దగ్గర పాత రాతియుగపు పనిముట్లు బయటపడ్డాయి. ఆ రాళ్లతో మా నేల మనుషుల పరిచయం అంత పాతది.

కొట్టడం చూసినవాళ్లకే తెలుస్తుంది. ఎడమచేతి బొటనవేలి కింద, రాయి అంచుకు ఆనేట్టు చిటికెడు దూది. కుడిచేతి ఉక్కు రాయి అంచును రాసుకుంటూ కిందికి జారాలి. గుద్దకూడదు. గుద్దితే రాయి పెచ్చులూడుతుంది. జారుడు దెబ్బకు రవ్వ దూది మీదే పడుతుంది. మా పెద్దయ్య ఒకాయన నడుస్తున్న ఎడ్లబండి మీద పగ్గాలు తొడ కింద అదిమిపెట్టి ఒక్క దెబ్బకు ముట్టించేవాడు. తుపాను ముసురులో గొంగళి కింద, కళ్లకు ఏమీ కనపడని చోట, చప్పుడును బట్టి దెబ్బ పడ్డదో లేదో చెప్పిన గొర్రెల కాపరిని ఎరుగుదును. ‘ఖణ్’మంటే పడినట్టు, ‘టక్’మంటే రాయి తిప్పుకోవాలి. అగ్గిపుల్లకు గాలి శత్రువు. చెకుముకి నిప్పు అలా కాదు. దూదిలో మంట ఉండదు, కణిక ఉంటుంది, గాలి వీచినకొద్దీ రాజుకుంటుంది. “గాలికి వీపు తిప్పుతావేంట్రా, దూదికి చూపించు” అని పెద్దయ్య నన్ను కసురుకునేవాడు.

ఇక దూది. పత్తి పండే నేల కాబట్టి ఇందులో మావాళ్లను మించినవాళ్లు లేరని నా గట్టి నమ్మకం. కొందరు బూరుగు దూది వాడేవాళ్లు, కొందరు తాటిమట్ట మొదట్లో దొరికే నూగు గీరి ఎండబెట్టేవాళ్లు. సూరేకారం నీళ్లలో ముంచి ఆరబెట్టేవాళ్లూ ఉన్నారంటారు. నా ఓటు మాత్రం మాడ్చిన నూలుకే. అరిగి మెత్తబడ్డ పాత పంచె ముక్కను ముంతలో పెట్టి, మూత బిగించి, సన్న సెగ మీద ఉంచాలి. గాలి అందదు కాబట్టి గుడ్డ మండి బూడిదవదు, నల్లగా మాడి ఆగుతుంది. తొందరపడి మూత తీస్తే అంటుకుని నుసి అయిపోతుంది. ముందే దించితే గోధుమరంగులో ఉండి రవ్వను పట్టదు. సరిగ్గా మాడిన గుడ్డ మీద ఆవగింజంత రవ్వ పడ్డా ఎర్రటి చుక్క మెల్లగా పాకుతుంది. దాన్ని చుట్ట కొసకు ఆనించి రెండు దమ్ములు లాగితే సరి. మిగిలిన దూదిని గొట్టంలోకి నెట్టి మూత బిగిస్తే గాలాడక ఆరిపోతుంది, రేపటికి అదే పనికొస్తుంది. మిర్చి కల్లాల్లో కావలి పడుకునేవాళ్లకు, పత్తి బోరేల మధ్య కాపలా ఉండేవాళ్లకు ఆ మూతే ప్రాణం. ఎండుమిరప కుప్పకు నిప్పంటితే ఏడాది కష్టం పోవడమే కాదు, ఆ ఘాటుకు దగ్గరికి కూడా వెళ్లలేరు. మూత బిగించని మనిషిని కల్లంలోకి రానిచ్చేవాళ్లు కారు.

చుట్ట చుట్టే పని చాలా ఇళ్లలో ఆడవాళ్లది. పొగిడేవాళ్లు మగవాళ్ల దమ్మును పొగిడారు గాని మా నాయనమ్మ వేళ్లను పొగిడినవాళ్లు లేరు. తల తుంచి, పిలకలు తీసి పెంచిన పొగాకు మొక్క ఆకులో బరువు దిగుతుంది. ఎండబెట్టి, మండె వేసి, అడుగుది పైకి, పైది అడుగుకు తిప్పుతూ మగ్గబెడితే పచ్చివాసన పోయి రంగు ముదురుతుంది. మధ్యాహ్నం ఆకు ముట్టుకుంటే పొడైపోతుంది. మంచు పట్టిన తెల్లవారుజామునే విప్పాలి. నాయనమ్మ ఈనెను మొదలు నుంచి కొసదాకా తెగకుండా ఒక్క లాగులో తీసేది. ఆకు రెండు సగాలవుతుంది. కుడి సగాన్ని ఒకవైపు నుంచి, ఎడమ సగాన్ని రెండోవైపు నుంచి చుట్టాలి, అప్పుడే సన్న ఈనెలు చుట్ట వెంట పొడుగ్గా పడుకుంటాయి. లోపలి ఆకుల కొసలన్నీ ముట్టించే వైపుకే ఉండాలి. బిగువెక్కువైతే దమ్ము రాదు, వదులైతే గబగబా కాలి నాలుక మండుతుంది. ఆమె చుట్టినది చివరిదాకా ఒక పక్కకు ఒరగకుండా కాలేది, బూడిద వేలెడు నిలబడేది. తాతయ్య సంతలో కొన్న చుట్ట ముట్టగా నేను చూడలేదు.

లంకాకు గొప్పదంటారు. గోదావరి లంకల చుట్ట పేరు సముద్రాలు దాటిన మాట నిజమే. 1890 నాటి షెర్లాక్ హోమ్స్ నవల ‘ద సైన్ ఆఫ్ ఫోర్’లో, బూడిదను చూసి అది ఏ పొగాకో చెప్పడం గురించి మాట్లాడుతూ ఆ డిటెక్టివ్ లంక చుట్టను ప్రస్తావిస్తాడు. 1897లో అచ్చయిన ‘కన్యాశుల్కం’ గిరీశం చేతికి చుట్ట ఇచ్చి దాన్ని అమరం చేసింది. గోదావరికీ విజయనగరానికీ అంత కీర్తి దక్కింది. మా నల్లరేగడి నాటు ఆకుకు అలాంటి సాక్ష్యం దొరకలేదు. అయినా ఘాటులో, కాలే నిదానంలో అదే మేలని పెద్దయ్య అనేవాడు, నేనూ అదే అంటాను.

చరిత్ర పొడుగ్గా చెప్పను. పొగాకును పోర్చుగీసువాళ్లు తెచ్చారంటారు. 1920ల్లో గుంటూరు వైపు వర్జీనియా ఆకు వేశారు. చీరాలలో ఐ.ఎల్.టి.డి. కంపెనీ, ఒంగోలు, టంగుటూరు, కొండపి చుట్టుపక్కల బ్యారన్లు, 1976లో గుంటూరు కేంద్రంగా పొగాకు బోర్డు వచ్చాయి. సిగరెట్టు ఆకు మా జిల్లాలకు డబ్బు తెచ్చింది, కాదనను. శివకాశి అగ్గిపెట్టె చెకుముకిని పక్కకు నెట్టింది, సిగరెట్టు చుట్టను నెట్టింది.

పొగ తాగమని నేనెవరికీ చెప్పను. తాతయ్య ఆఖరి రోజుల్లో ఊపిరి అందక మంచం మీద కూర్చునే నిద్రపోయేవాడు. ఉత్తరాంధ్రలో ఆడవాళ్లు నిప్పు కొసను నోట్లో పెట్టుకుని లాగే అడ్డపొగ వల్ల అంగిట్లో కేన్సర్ వస్తుందని డాక్టర్లు పరిశోధించి తేల్చారు. 2003 చట్టం పద్దెనిమిదేళ్లు నిండనివాళ్లకు పొగాకు అమ్మడం నిషేధించింది, మంచి పని చేసింది. పొగ పోవాలి. దాని కోసం మన పెద్దలు నేర్చిన చేతిపని, ఆ ఉక్కు, ఆ దూది, ఆ జారుడు దెబ్బ ఎందుకు పోవాలి?

పోతున్న తీరు చూస్తే కడుపు మండిపోతుంది. మూడు తరాలు రొండిన మోసిన ఉక్కును కిలోల లెక్కన తూకం వేసి బండివాడి తక్కెట్లో పడేస్తున్నారు. ఇంకో పక్క పాత వస్తువుల దుకాణాల్లో ‘జమీందార్ల కాలం నాటి చెకుముకి’ అని మెరిసే గాజుపెట్టెలో పెట్టి అమ్ముతున్నారు. ఒకటి చేతిలోకి తీసుకుని రాయితో కొట్టి చూశాను, ఒక్క రవ్వ రాలలేదు. మెత్తటి ఇనుప పట్టీని వంచి, యాసిడ్ పూసి తుప్పు పట్టించిన సరుకు. నిప్పు పుట్టించలేనిదాన్ని చెకుముకి అని పిలవడం ఆ కమ్మరికి చేసే అవమానం. చుట్టలదీ అదే గతి. పైన ఒక మంచి ఆకు చుట్టి, లోపల ఊడ్చిన పొడి కూరి, జిగురుతో అంటించి ‘నాటు చుట్ట’ అంటున్నారు. ముట్టిస్తే పక్కకు కాలుతుంది, బూడిద రేకులై రాలుతుంది. నాయనమ్మ చూస్తే పొయ్యిలో వేసేది.

జన విజ్ఞాన వేదిక పిల్లల కోసం నడిపే సైన్స్ పత్రిక పేరు ‘చెకుముకి’. బడుల్లో చెకుముకి సంబరాలు కూడా జరుపుతారు. ఆ పేరున్న వేదిక మీద ఏ తాతనో కూర్చోబెట్టి పిల్లల ముందు నిజం చెకుముకి కొట్టించండి. ఉక్కు ఎందుకు మండుతుందో, గుడ్డ ఎందుకు బూడిదవకుండా నల్లబడుతుందో పుస్తకం తెరవకుండానే బోధపడుతుంది. గుంటూరు పొగాకు బోర్డు వారికీ నాదొక మనవి. ఎగుమతుల లెక్కల పక్కన ఒక గది ఈ సంచులకు, చుట్టల పెట్టెలకు, పొడుం డబ్బాలకు ఇవ్వండి. ఇచ్చేవాళ్లు పల్నాడు నుంచి కందుకూరు దాకా ఉన్నారు.

ఇంట్లో సంచి ఉన్నవాళ్లు ఈలోగా కొన్ని జాగ్రత్తలు పడాలి. తుప్పు ఉందని గరుకు కాగితంతో రుద్దొద్దు, చింతపండు, నిమ్మరసం అసలే వద్దు. పొడిగుడ్డతో తుడిచి చుక్క కొబ్బరినూనె రాస్తే చాలు. శుభ్రం చేద్దామని పొయ్యి మీద కాల్చొద్దు, ఆ పదును పోతుంది. తోలు సంచిని ఎండలో పెట్టొద్దు. పెద్దవాళ్లెవరైనా మిగిలి ఉంటే వాళ్ల చేతికిచ్చి కొట్టించి, ఫోనులో వీడియో తీయండి, ముఖం కాదు, చేతులు కనపడేటట్టు. ఉక్కును ఏ ఊరి కమ్మరి చేశాడో, రాయి ఏ వాగులోదో, మొదట ఎవరి రొండిన ఉండేదో అడిగి, చీటీ మీద రాసి సంచి తాడుకు కట్టండి.