బందరు రోడ్డు మీద 42 కిలోమీటర్లు

ఎత్తుపల్లాలు లేని రోడ్డు మీద మారథాన్ తేలికనుకునేవాళ్లే ఎక్కువ. హైదరాబాద్ వాళ్లయితే మరీను. ఆగస్టులో ఫ్లైఓవర్లు ఎక్కుతూ దిగుతూ సాగే తమ మారథాన్‌ను చూపించి, మీ డెల్టాలో పరుగేముందిలే అని తీసిపారేస్తారు. బెజవాడ నుంచి బందరుకు దాదాపు 70 కిలోమీటర్లు, అంత దూరంలోనూ నేల పాతిక మీటర్లకు మించి దిగదు. 1855లో కృష్ణకు ఆనకట్ట కట్టి కాలువలు తవ్వినప్పటి నుంచీ నీళ్లు కూడా ఇక్కడ నింపాదిగానే పోతున్నాయి. ఇంత చదును కాబట్టే ఇక్కడి పరుగు కష్టం, అందుకే దానికి విద్య కావాలి. మెట్ట ఎక్కేటప్పుడు పిక్కలకీ పిరుదులకీ పని, దిగేటప్పుడు తొడలకి. ఒకటి పనిచేస్తుంటే ఇంకోటి కాస్త ఊపిరి పీల్చుకుంటుంది. బెజవాడ నుంచి బందరు రోడ్డు మీద కంకిపాడు దాటి వెనక్కి వచ్చే పరుగులో ఆ వెసులుబాటు లేదు. సుమారు 40 వేల అడుగులు, అవే కండరాలు, అదే కోణం. పైగా వాన నీరు నిలవకుండా రోడ్డును మధ్యలో ఉబ్బుగా, అంచులకు వాలుగా వేస్తారు. ఎడమ అంచు పట్టుకుని గంటల తరబడి పరిగెత్తేవాడికి ఎడమ కాలు ఎప్పుడూ కాస్త దిగువన పడుతుంది. 25వ కిలోమీటరు దాటాక మోకాలి బయటి పక్క మొదలయ్యే సలుపు చాలాసార్లు ఆ వాలు చలవే. తెలిసినవాడు ట్రాఫిక్ ఆపిన చోటల్లా రోడ్డు నడిమికి వచ్చేస్తాడు.

చదును రోడ్డులో అసలు పరీక్ష నిగ్రహానికి. మొదటి 10 కిలోమీటర్లలో వద్దని చెప్పే ఎత్తు ఒక్కటీ ఎదురుకాదు, చీకట్లో చల్లగా ఉంటుంది, కాళ్లు వాటంతటవే ముందుకు పోతాయి. అప్పుడు కిలోమీటరుకు 10 సెకన్లు ఎక్కువ లాగినవాడు 30 దాటాక వడ్డీతో సహా కట్టాలి. కండరాల్లో దాచుకున్న గ్లైకోజెన్ చాలామందికి ఆ ప్రాంతంలోనే అడుగంటుతుంది, రన్నర్లు ‘గోడ’ అనేది దాన్నే. మహామహులు మారథాన్ మొదటి సగాన్ని ఎలా దాటారో చూడండి. 2003 ఏప్రిల్‌లో లండన్‌లో పౌలా రాడ్‌క్లిఫ్ 2:15:25తో ప్రపంచ రికార్డు పెట్టినప్పుడు రెండో సగం మొదటి సగం కన్నా వేగంగా పరిగెత్తింది. 2023 అక్టోబరులో షికాగోలో కెల్విన్ కిప్టుమ్ మొదటి సగాన్ని 60:48లో, రెండో సగాన్ని 59:47లో ముగించి 2:00:35 సాధించాడు. ఏం పరుగది! ఇతరులు కూలబడే చోట ఇంకా వేగం పెంచాడు. అంతకు ముందు ఏడాది బెర్లిన్‌లో కిప్చోగే 59:51తో దూకుడుగా మొదలెట్టి, రెండో సగంలో నిమిషంన్నర వదులుకుని 2:01:09తో ముగించాడు. అప్పటికి అదీ ప్రపంచ రికార్డే, కానీ ఇద్దరి పరుగునూ పక్కపక్కన పెడితే నా ఓటు కిప్టుమ్‌కే. కిప్చోగే నుంచి మనం నేర్చుకోవాల్సింది వేరే ఉంది. 2019లో వియన్నాలో 1:59:40 పరిగెత్తినప్పుడు అతని ముందు అయిదుగురు, వెనక ఇద్దరు పేసర్లు గాలిని కాచారు. చుట్టూ పొలాలే ఉన్న ఉయ్యూరు వైపు రోడ్డులోనూ గాలికి అడ్డమేమీ లేదు. నలుగురు గుంపుగా, వంతులవారీగా ముందుండి పరిగెత్తడం ఇక్కడ మర్యాద మాత్రమే కాదు, అవసరం.

ఎండ మాటేమిటంటారు. న్యాయమైన అభ్యంతరమే. చలి శివరాత్రికి శివశివా అంటూ పోతుంది, ఉగాది నాటికి మధ్యాహ్నం 35 డిగ్రీలు మామూలే. మార్చి తెల్లవారుజామున కూడా 23 డిగ్రీలకు అటూ ఇటూ ఉంటుంది, మారథాన్‌కు బాగా కుదిరేది 10 చిల్లర. పైగా ఉక్కపోత, ఒంటి మీద చెమట ఆరనే ఆరదు. అయినా 1978 మే నెలలో, పంజాబ్ ఎండల కాలంలో, జలంధర్‌లో శివనాథ్ సింగ్ 2 గంటల 12 నిమిషాల్లో పరిగెత్తాడు. బూట్లు లేకుండా పరిగెత్తడానికి పేరుపడ్డ ఆ బీహారీ సైనికుడి టైమింగు నాలుగు దశాబ్దాలకు పైగా జాతీయ రికార్డుగా నిలిచింది. 2019 మార్చిలో చల్లటి సియోల్‌లో మన టి. గోపి 2:13:39 దాకా వచ్చాడు, అంతే. శివనాథ్‌ను చూసి ఎవరైనా ఎండలో దూకొచ్చని నేననను. మామూలు రన్నరు ఇక్కడ చల్లటి ఊరి టైముకు 10, 15 నిమిషాలైనా కలుపుకోవాలి, చొక్కా మీద తెల్లటి ఉప్పు చారలు కనబడితే ఇంకాస్త కలుపుకోవాలి. తాగడంలోనూ లెక్క ఉంది. ఉత్త నీళ్లు కడుపునిండా పట్టిస్తే రక్తంలో సోడియం పలచబడుతుంది. 2002 బోస్టన్ మారథాన్‌లో పరీక్షించిన 488 మందిలో 13 శాతానికి అదే జరిగింది. కొబ్బరినీళ్లలో పొటాషియం మెండు, సోడియం తక్కువ. ఉప్పేసిన పలుచటి మజ్జిగ, కుదరకపోతే ఓఆర్ఎస్, దప్పిక మేరకు చిన్న గుక్కలుగా. డెల్టాలో మజ్జిగ దొరకని ఊరు లేదు, పరుగు దారిలో పెట్టే నీళ్ల బల్లల మీద మాత్రం అది అరుదు.

ఒళ్లు మండేది ఇక్కడే. మన ఊళ్లలో మారథాన్ పేరుతో జరిగేవి చాలావరకు 2 కిలోమీటర్ల ఊరేగింపులు. టీ షర్టు, డీజే, జుంబా, చేతిలో ప్లకార్డు, ముఖ్య అతిథి వచ్చేదాకా ఆరున్నర వరకు నిలబెట్టడం, ఆపైన పరిగెత్తినవాడికీ ఫొటో దిగి ఇంటికెళ్లినవాడికీ ఒకటే మెడల్. దూరం కొలిచింది ఏ కారు మీటరో, ఫోనో. జనం నాలుగడుగులు వేస్తున్నారు కదా, ఏం నష్టమని అడుగుతారు. నడవనివ్వండి, సంతోషం, దానికి నడక అనే పేరు పెట్టండి. నష్టమెవరికంటే ఆర్నెల్లు తెల్లవారుజామున లేచి కృష్ణలంక గట్ల మీద, బ్యారేజీ మీద కిలోమీటర్లు పోగేసుకున్నవాడికి. అతను 42.195 పరిగెత్తాడో 41.6 పరిగెత్తాడో చెప్పగలిగే కొలత కూడా అతనికి దక్కదు. ఆరున్నరకు జెండా ఊపితే నాలుగున్నర గంటల రన్నరు 11 గంటల ఎండలో ఉంటాడు. అది నిర్లక్ష్యం, సందడి పేరుతో కప్పేస్తున్నారు.

సరైన కొలత పెద్ద ఖర్చు కూడా కాదు. సైకిల్ ముందు చక్రానికి జోన్స్ కౌంటర్ బిగించి, ముందే కొలిచిన గీత మీద సరిచూసుకుని, మలుపుల్లో అంచుకు 30 సెంటీమీటర్ల ఎడంగా, రన్నరు వెళ్లగల అతి దగ్గరి దారినే తొక్కుతూ కొలుస్తారు. పొరపాటున తగ్గకుండా కిలోమీటరుకు ఒక మీటరు చొప్పున కలుపుతారు. బెజవాడ నుంచి పామర్రు ఇంచుమించు మారథాన్ దూరమే అయినా, మొదలూ చివరా అంత ఎడమైతే రికార్డుకు చెల్లదు, కాబట్టి వెళ్లి తిరిగొచ్చే దారే మేలు. ఎన్నో ఊళ్ల వాళ్లు కొండలు తవ్వి అయినా కోరుకునే చదును మనకు ఊరికే దొరికింది. నిర్వాహకులు శివరాత్రి దాటిన తొలి ఆదివారాన్ని ఖాయం చేసి, కొలత పత్రాన్ని బిబ్‌తో పాటు చేతికిచ్చి, తెల్లవారుజాము 4 గంటలకు జెండా ఊపాలి. అతిథి ఎవరైనా సరే, 4కు రాలేకపోతే మెడల్స్ ఇచ్చే వేళకు రమ్మనండి.