సీసా మెడ కొలత, అచ్చు పనితనం

హైదరాబాద్ నుంచి ముంబై రహదారి మీద రామచంద్రాపురం దాటి పటాన్‌చెరు, ఇస్నాపూర్ మీదుగా వెళితే పాశమైలారం పారిశ్రామికవాడ వస్తుంది. గ్లాండ్ ఫార్మా, అరబిందో గ్రూపుకు చెందిన యూజియా వంటి సంస్థలు ఇంజెక్షన్ మందులను గాజు వయల్స్‌లో నింపేది ఇక్కడే. అలా నింపిన వయల్ చివరికి ఏదో ఒక ఆసుపత్రి వార్డులో నర్సు చేతికి చేరుతుంది. పొడి మందైతే అందులోకి స్టెరైల్ నీరు ఎక్కించాలి, కరిగించాలి, తిరిగి సిరంజిలోకి లాగాలి. ఈ పనికి సూదికి బదులుగా వాడే చిన్న ప్లాస్టిక్ పరికరమే వయల్ అడాప్టర్. పైభాగంలో సిరంజి బిగుస్తుంది, అడుగున బోలుగా ఉన్న ముల్లు రబ్బరు మూతను చీల్చుకుని లోపలికి దిగుతుంది, చుట్టూ ఉన్న కాళ్లు సీసా మెడను గట్టిగా పట్టుకుంటాయి. అరచేతిలో ఇమిడిపోయే ఈ వస్తువును రకరకాల సీసాలకు సరిపోయేలా చేయాలంటే రెండు విద్యలు తెలిసినవాళ్లు కలవాలి: సీసాకు మూత బిగించేవాళ్లు, ప్లాస్టిక్‌కు అచ్చు చెక్కేవాళ్లు. సంగారెడ్డి జిల్లాలోనూ దాని పొరుగునా ఈ ఇద్దరూ దశాబ్దాలుగా ఉన్నారు. కానీ ఒకరి పని ఒకరికి అక్కరకు రావడం తక్కువ. వాళ్లను కలపడానికి అడాప్టర్‌ను మించిన వస్తువు లేదని నా వాదన.

ముందుగా సీసాల సంగతి. గాజు గొట్టం నుంచి తయారయ్యే వయల్స్‌కు ఐఎస్ఓ 8362 ప్రమాణం ఉంది. అందులో 2ఆర్ నుంచి 100ఆర్ దాకా సైజులున్నాయి. 2ఆర్ సీసా ఒంటి వ్యాసం 16 మిల్లీమీటర్లు, 10ఆర్‌ది 24, 30ఆర్‌ది 30. ఎత్తులు ఇంకా రకరకాలు. ఈ పట్టిక మొదటిసారి చూసినవాళ్లకు ఇన్నింటికి ఒకే పరికరం ఎలా కుదురుతుందన్న అనుమానం రావడం సహజం. కానీ మెడ దగ్గరికి వచ్చేసరికి వైవిధ్యమంతా తగ్గిపోతుంది. 2ఆర్, 4ఆర్ సీసాలకు 13 మిల్లీమీటర్ల మూత; 6ఆర్ నుంచి పైకి 20 మిల్లీమీటర్ల మూత. మన దగ్గర యాంటీబయాటిక్ పొడులకు విరివిగా వాడే అచ్చు గాజు సీసాల్లోనూ 20 మిల్లీమీటర్ల మెడే మామూలు. పెద్ద సెలైన్ సీసాల కుటుంబం వేరు, దాన్ని పక్కన పెడితే సైజుల సమస్య దాదాపు రెండు అంకెలకు దిగివస్తుంది. ఒంటిని కొలిచే డిజైనర్ తప్పుదారి పడతాడు, మెడను కొలిచేవాడే పని మొదలుపెట్టినట్టు.

అయితే ఆ రెండు అంకెలతోనే పని పూర్తికాదు, అసలు చిక్కు అక్కడే మొదలవుతుంది. అడాప్టర్ కాళ్లు పట్టుకునేది గాజును కాదు, గాజు అంచునూ రబ్బరు మూతనూ కలిపి నొక్కిపట్టిన అల్యూమినియం క్యాప్ కింది అంచును. 20 మిల్లీమీటర్ల రకంలో గాజు అంచు మందం సుమారు 3.6 మిల్లీమీటర్లు, దాని మీద పరుచుకున్న రబ్బరు అంచు సుమారు 3.3, పైన పలచని అల్యూమినియం. ఇందులో గాజు నొక్కుకుపోదు, రబ్బరు నొక్కుకుపోతుంది. క్యాప్ బిగించే యంత్రం ఎంత బలంతో నొక్కిందో దాన్ని బట్టి మొత్తం ఎత్తు కొద్దికొద్దిగా మారుతుంది. ఒకే కంపెనీ సీసాల్లోనూ లైనుకూ లైనుకూ ఈ తేడా రావచ్చు. కాళ్ల కొక్కెం ఆ అంచు కంటే కొద్దిగా పైన ఆగితే పట్టు దొరకదు, మరీ కింద ఆగితే అడాప్టర్ మెడ మీద ఊగుతుంది. ఊగితే ముల్లు చుట్టూ రబ్బరు రంధ్రం సాగి మందు కారుతుంది. ఈ పదోవంతు మిల్లీమీటర్ల తేడా ప్రమాణాల పుస్తకంలో కంటే మూతలు బిగించే లైను మీద పనిచేసే ఆపరేటర్‌కే ఎక్కువ తెలుసు.

ముల్లు సంగతి మరీ సున్నితం. మామూలుగా వాడే 18 గేజి సూది లావు సుమారు 1.27 మిల్లీమీటర్లు, అడాప్టర్ ముల్లు దానికి రెండు మూడు రెట్లు ఉంటుంది. అంత లావుది పక్కకు దిగితే రబ్బరు మూత సీసాలోకే జారిపోవచ్చు. అందుకే మంచి డిజైనులో కాళ్లు ముల్లు మొన కంటే పొడవుగా ఉంటాయి. మొన రబ్బరును తాకేలోపే కాళ్లు మెడను చుట్టుకుని అడాప్టర్‌ను నడిమధ్యకు తెస్తాయి. ఇక ముల్లు పొడవు. పొట్టిదైతే మందపాటి రబ్బరును పూర్తిగా దాటదు. పొడుగుదైతే సీసాను తలకిందులు చేసినప్పుడు మందు మూత చుట్టూ చేరి, ముల్లు రంధ్రానికి అందని గుంటలో నిలిచిపోతుంది. మైలోమాకు ఇచ్చే బోర్టెజోమిబ్ 3.5 మిల్లీగ్రాముల వయల్‌ను చర్మం కింద ఇచ్చేటప్పుడు 1.4 మిల్లీలీటర్లలోనే కరిగిస్తారు. అందులో పదోవంతు మిల్లీలీటరు మిగిలిపోతే మందులో 7 శాతం పోయినట్టు. రంధ్రాన్ని మొన దగ్గర కాకుండా పక్కన, రబ్బరు లోపలి తలానికి దగ్గరగా చీలికలా పెట్టడం దీనికి పరిష్కారం. గాలి సంగతీ చూడాలి. 20 మిల్లీలీటర్ల గాలి ఉన్న మూసిన సీసాలోకి 10 మిల్లీలీటర్ల నీరు దారివ్వకుండా ఎక్కిస్తే లోపలి ఒత్తిడి రెట్టింపవుతుంది. అందుకే ముల్లులో మందుకొక దారి, గాలికి మరో దారి పెట్టి, గాలి దారికి నీటిని దాటనివ్వని 0.2 మైక్రాన్ల ఫిల్టర్ అమరుస్తారు.

ఇవన్నీ కాగితం మీద గీయవచ్చు. అచ్చులో రావడం వేరే విద్య. కాళ్ల చివర లోపలికి తిరిగిన కొక్కెం ఉంటే వస్తువు అచ్చులోంచి నేరుగా ఊడిరాదు. అడాప్టర్ పైపలకలో కాళ్లకు సరిగ్గా ఎగువన చిన్న కిటికీలు కనిపిస్తే అవి అలంకారం అనుకోకూడదు. కొక్కెం పైముఖాన్ని మలిచే ఉక్కు ఆ కిటికీగుండా దిగి, ఆ కిటికీగుండానే వెనక్కి వెళ్తుంది. దాంతో పక్కకు జరిగే భాగాలు లేకుండా అచ్చు తేలికవుతుంది, ఒక్కో వస్తువు తయారీలో కొంత సమయం ఆదా అవుతుంది, అచ్చు ఎక్కువ కాలం మన్నుతుంది. చేతిలోకి వచ్చిన ప్లాస్టిక్ ముక్కను చూసి ఉక్కు ఎటు కదిలిందో చెప్పగలవాళ్లే ఇలాంటి పరిష్కారం కనుక్కుంటారు. ప్లాస్టిక్ కుంచించుకుపోయే లెక్కా వాళ్లదే. పాలికార్బొనేట్ చల్లారేటప్పుడు అరశాతానికి కాస్త పైన తగ్గితే, పాలిప్రొపిలీన్ ఒకటి నుంచి రెండున్నర శాతం దాకా తగ్గుతుంది. 20 మిల్లీమీటర్ల వలయంలో ఒకటిన్నర శాతమంటే 0.3 మిల్లీమీటర్లు, పట్టు ఉండటానికీ జారిపోవడానికీ మధ్య దూరం అంతే. 1968లో బాలానగర్‌లో మొదలైన సెంట్రల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టూల్ డిజైన్, దాని చుట్టూ పెరిగిన టూల్ రూములు, రామచంద్రాపురం బీహెచ్ఈఎల్, ఎద్దుమైలారం ఆయుధ కర్మాగారం ఈ నేలకు నేర్పింది ఇలాంటి కొలతల క్రమశిక్షణే. దానికి ఇవ్వవలసిన గౌరవం మనం ఇంకా ఇవ్వలేదు.

ఇన్ని మాటలెందుకు, 13కూ 20కూ కలిపి ఒక్కటే చేస్తే పోదా అని అడిగేవారున్నారు. చేయవచ్చు. 20 మిల్లీమీటర్ల వలయంలో లోపలికి వంగే రేకులు పెట్టి చిన్న మెడను పట్టుకోనివ్వవచ్చు. కానీ రెండింటికీ వంగే రేకు దేన్నీ అంత గట్టిగా పట్టదు. పైగా 13 మిల్లీమీటర్ల మూతలో ముల్లు దిగే చోటు చిన్నది, పెద్ద సీసాకు సరిపోయే ముల్లు దానికి లావైపోతుంది. క్యాన్సర్ మందులు కలిపేచోట ఈ రాజీ నాకు సమ్మతం కాదు. ఒకే సిరంజి జాయింటు ఉన్న కుటుంబంలో కాళ్ల వలయం, ముల్లు మాత్రం రెండు సైజుల్లో మార్చడం మేలు. అచ్చులో ఆ భాగాలు మాత్రమే మార్చుకునే వీలుంటే ఖర్చూ అదుపులో ఉంటుంది.

అసలు బలమైన అభ్యంతరం ధర. సూది ఖరీదు ఎంత, దీని ఖరీదు ఎంత అని ఆసుపత్రి కొనుగోలుదారు అడగడంలో తప్పులేదు. రోజూ వాడే చవక మందుకు, ఒక్కసారి గుచ్చి లాగి పారేసే సీసాకు సూది చాలు, అక్కడ అడాప్టర్ రుద్దడం ప్లాస్టిక్ చెత్త పెంచడమే. అయితే ఒకే సీసాలోంచి పలుమార్లు మందు తీసేచోట, ఇంట్లోనే తల్లిదండ్రులు బిడ్డకు హీమోఫీలియా ఫ్యాక్టర్ కలిపిచ్చేచోట, తుంపర పీల్చడమే ప్రమాదమైన కీమోథెరపీ మందుల దగ్గర లెక్క మారుతుంది. అమెరికా వృత్తి ఆరోగ్య సంస్థ నయాష్ 2004లోనే అలాంటి మందులు కలిపే సిబ్బంది ప్రమాదం గురించి హెచ్చరిక జారీచేసింది. సూది పదేపదే గుచ్చితే రబ్బరు తునకలు మందులో పడటం, చేతికి గుచ్చుకోవడం కూడా ఈ లెక్కలోకి రావాలి. అడాప్టర్ ధరను సూది ధరతో కాదు, సీసాలోని మందు ధరతో పోల్చాలి. మందు కంపెనీయే దాన్ని సీసాతో కలిపి పెట్టెలో ఇస్తే వార్డులో బేరం ఉండదు, సైజు తప్పే భయమూ ఉండదు.

దిగుమతి సరుకు ఉండగా మనకెందుకనే మాటకు 2015 నాటి ఒక సంఘటన జవాబు. బెండముస్టిన్ ద్రవరూప ఇంజెక్షన్‌లో ఉన్న ద్రావకం పాలికార్బొనేట్, ఏబీఎస్ ప్లాస్టిక్‌లను కరిగిస్తుందని, ఆ ప్లాస్టిక్ ఉన్న అడాప్టర్లు, సిరంజిలు వాడవద్దని అమెరికా ఎఫ్‌డీఏ ఆ మార్చిలో హెచ్చరించింది. మెడకు చక్కగా సరిపోయిన పరికరమే మందుకు సరిపోలేదన్నమాట. మందు తయారుచేసేవాళ్లు, ప్లాస్టిక్ ఎంచుకునేవాళ్లు మొదటినుంచీ ఒకే బల్ల దగ్గర కూర్చుంటే ఇలాంటిది ముందే బయటపడుతుంది. మన దగ్గర ఆ బల్లకు కావాల్సిన చోట్లు సిద్ధంగానే ఉన్నాయి. అమీన్‌పూర్ మండలం సుల్తాన్‌పూర్‌లో 2017లో శంకుస్థాపన జరిగిన మెడికల్ డివైసెస్ పార్కులో గుండె స్టెంట్లు తయారవుతున్నాయి, కందిలో ఐఐటీ ఉంది, మహబూబ్‌నగర్ జిల్లా వేములలో వయల్స్ చేసే ఎస్‌జీడీ ఫార్మా కర్మాగారం ఉంది. స్టెరైల్ పరికరానికి 2022 అక్టోబరు నుంచి లైసెన్సు తప్పనిసరి కావడం చిన్న యూనిట్లకు భారమే, నిజమే. కానీ ఆ లైసెన్సు అడిగే పరీక్షల్లో చాలావరకు మంచి డిజైనర్ ఎలాగూ చేయవలసినవే. పాశమైలారం లైన్లలో వేర్వేరు రోజుల్లో, వేర్వేరు బలంతో మూత బిగించిన ఖాళీ సీసాలను వందల్లో తెప్పించుకుని, ఒక్కొక్కదాని క్యాప్ ఎత్తు కొలిచి రాసుకోవడంతో అది మొదలవ్వాలి. కాళ్ల కొక్కెం ఎత్తు ఆ పట్టికలోంచి రావాలి. ఆ తర్వాత రెండు పొరల గ్లౌజులు వేసుకున్న నర్సు అడాప్టర్‌ను నొక్కడానికి ఎంత బలం పెట్టాల్సివచ్చిందో కొలవాలి. ఎక్కువనిపిస్తే అచ్చును మళ్లీ టూల్ రూముకు పంపాలి.