మేనరికపు కథల్లో కనిపించని బిడ్డ

తెలుగువాళ్ళకు అత్తమామలు పెళ్ళితో కొత్తగా రారు. అమ్మ తమ్ముడూ మామే, భార్య తండ్రీ మామే. నాన్న చెల్లెలు అత్త, భర్త తల్లీ అత్తే. మేనత్త కొడుకు ఉయ్యాలలో వున్నప్పుడే బావ. ఈ మాటల్ని వట్టి నిఘంటువు పదాలుగా చూసి దాటిపోయే పండితులు వాటి వెనకనున్న సాంఘిక వాస్తవాన్ని వదిలేస్తున్నారు. ఎవర్ని పెళ్ళాడవచ్చో ఎవర్ని కూడదో మన పిల్లలు మాటలు నేర్చేటప్పుడే నేర్చేసుకుంటారు. దానికి మనం పెట్టుకున్న పేరు వరస. ఈ ఆచారం నిన్నా మొన్నటిది కాదు. మేనమామ కూతుర్ని, మేనత్త కూతుర్ని చేసుకోవడం దక్షిణాది వాళ్ళ ప్రత్యేకాచారమని బౌధాయన ధర్మసూత్రమే చెప్పింది. ఈనాటికీ అది పోలేదు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం రక్తసంబంధంలోనే పెళ్ళి చేసుకున్న స్త్రీలు దేశం మొత్తం మీద నూటికి 11 మంది అయితే, ఆంధ్రప్రదేశ్‌లో 26 మంది, తెలంగాణలో 18 మంది.

ఇంత విస్తారమైన జీవితాన్ని మన కథ ఏ కళ్ళతో చూసిందన్నది నా ప్రశ్న.

ముందుగా శశిరేఖా పరిణయం గురించి చెప్పుకోవాలి. వ్యాసభారతంలో లేని ఈ కథ నోటినోటా, నాటకాల్లో తిరిగి తిరిగి 1957లో 'మాయాబజార్' సినిమాగా ఇంటింటికీ చేరింది. అభిమన్యుడు బలరాముడి చెల్లెలి కొడుకు. శశిరేఖ అతనికి మేనమామ కూతురు. చిన్ననాడే మాట అనుకున్నారు. పాండవులు జూదంలో రాజ్యం పోగొట్టుకోగానే రేవతికి ఆ మాట గుర్తుండదు. దుర్యోధనుడి కొడుకు అల్లుడుగా కావలసి వస్తాడు. ఆస్తి వున్నన్నాళ్ళు వరస పవిత్రం, ఆస్తి పోయిననాడు వరసా లేదు, మాటా లేదు. మేనరికం గుట్టు ఇంతకంటే తేటగా చెప్పిన కథ నాకు కనిపించలేదు. అయితే ప్రేక్షకుడి సానుభూతి ఎటు పోయింది? ధనాశకు ఎదురు నిలిచిన ప్రేమగా మేనరికమే గెలిచింది. దాంతో ఒక ఆస్తి ఏర్పాటుకు అనురాగపు వర్చస్సు వచ్చింది. సినిమాను తప్పుపట్టడం నా వుద్దేశం కాదు. నేనూ పదిసార్లు చూశాను, పదకొండోసారీ చూస్తాను.

ఆ తర్వాత వచ్చిన వారపత్రికల సీరియళ్ళకూ, కుటుంబ సినిమాలకూ ఈ వర్చస్సు ఒక్కటే మిగిలింది, గుట్టు పోయింది. పట్నంలో చదువుకున్న బావ, పల్లెలో పెరిగిన మరదలు, పండగకు కలుసుకోవడం, పొగరు అణగడం, తాళి. కథ తాళిబొట్టు దగ్గర ఆగిపోతుంది. ప్రసవం గది గుమ్మం దాకా వచ్చిన రచయితలు నేను చదివినంతలో బహు అరుదు.

ఇక రెండో రకం కథలున్నాయి. వాటిని రాసేది మనవాళ్ళే, అందుకే వాటితో పేచీ ఎక్కువ. కిందటేడాది ఒక కథల పోటీకి వచ్చిన రాతప్రతులు చదివే పని నా మీద పడింది. వాటిలో నాలుగు మేనరికం మీదివి. నాలిగింటిలో మూడు ఒకే అచ్చులో పోసినట్టున్నాయి. డిగ్రీ చదివే అమ్మాయి పెద్దల మాట కాదనలేక బావను చేసుకుంటుంది. మొదటి బిడ్డకు చూపుండదు, రెండో బిడ్డ దక్కదు. పట్నం డాక్టరు ఒక పేజీ పొడుగున జన్యుశాస్త్రం బోధిస్తాడు. తల్లి కుమిలిపోతుంది. అది చూసి ఆమె చెల్లెలు తన బావను తిరస్కరిస్తుంది. ఈ రచయితల ఆశయాన్ని నేను శంకించను. కాని ఆశయం మంచిదైనంత మాత్రాన కథ నిజమైపోదు.

ఒక కథలో ఆ చూపులేని బిడ్డకు పేరు కూడా లేదు. పది పేజీల్లో వాడు ఒక్క మాట మాట్లాడడు, ఒక్కసారి నవ్వడు. వాడున్నది పాఠకుణ్ణి భయపెట్టడానికే. వెనకటి పురాణంలో పాపఫలంగా పుట్టిన బిడ్డ ఎట్లా వుండేవాడో వీడూ అట్లాగే వున్నాడు. కర్మ అన్న చోట జన్యువు అని రాసినంత మాత్రాన అది శాస్త్రీయ దృక్పథం అనిపించుకోదు. కుటుంబరావు కథలూ రాశాడు, సైన్సు వ్యాసాలూ రాశాడు. ఈ రెండింటినీ కలగలిపి డాక్టరు నోట్లో కుక్కవలసిన అవసరం ఆయనకు రాలేదు.

ఇంతకూ ఆ డాక్టరు చెప్పే లెక్క అయినా సరైనదా? మేనత్త మేనమామ బిడ్డలు తమ జన్యువుల్లో ఎనిమిదో వంతు ఒకే తాత అవ్వల నుంచి పంచుకుంటారు. అక్క కూతుర్ని చేసుకున్న మేనమామ అయితే ఆమెతో నాలుగో వంతు పంచుకుంటాడు. ఒక జబ్బుకు సంబంధించిన అంతర్గత జన్యువు ఇద్దరిలోనూ దాగి వుంటే, పుట్టే ప్రతి బిడ్డకూ ఆ జబ్బు వచ్చే అవకాశం నాలుగింట ఒకటి. దగ్గర బంధువులైతే ఇద్దరిలోనూ అదే జన్యువు దాగి వుండటానికి వీలెక్కువ. ప్రమాదం అక్కడుంది. అయితే ఏ చుట్టరికమూ లేని దంపతులకు పుట్టే పిల్లల్లోనూ నూటికి ముగ్గురు నలుగురికి ఏదో ఒక పుట్టులోపం వుంటుంది. మేనరికంలో దానికి అదనంగా చేరేది సుమారు 1.7 నుంచి 2.8 దాకా అని 2002లో అమెరికా జన్యు సలహాదారుల సంఘం లెక్క కట్టింది. అంటే మేనరికపు బిడ్డల్లో నూటికి తొంభై మందికి పైగా మామూలుగానే పుడతారు. పల్లెటూరి యువకుడు తన చుట్టూ చూసి ఈ సంగతి గ్రహించగలడు. 'మా పెదనాన్న పిల్లలు నలుగురూ బాగానే వున్నారుగా' అని ఒక్క మాటతో మన కథను పక్కన పడేస్తాడు. అతిశయోక్తి చెప్పిన రచయిత నిజం చెప్పే అవకాశం కూడా పోగొట్టుకుంటాడు.

ఆ డాక్టర్లెవరూ చెప్పని సంగతి ఇంకొకటి వుంది. పెదనాన్న కూతురు మనకు అక్క, ఆమెతో పెళ్ళి మాట ఎత్తితే చెప్పు తీస్తారు. మేనమామ కూతురు మరదలు, ఆమెను చేసుకోకపోతే అలుగుతారు. జన్యువుల లెక్కలో ఈ ఇద్దరూ ఒకే దూరంలో వున్నారు. జన్యువుకు వరస తెలియదు. వరసకు తెలిసింది ఇంటిపేరూ, గోత్రమూ, పొలం గట్టూ.

ఈ కథలన్నిటికీ ఆధారం ఒకే ఊహ: యువతీ యువకులకు తెలియదు, తెలియక చేసుకుంటున్నారు, తెలియజెప్పితే మానేస్తారు. ఆరోగ్య కేంద్రం గోడమీది రాతకూ ఇదే ఆధారం. తెలియనివాళ్ళు లేరని నేననను. మా బడిలో పదో తరగతి పిల్లలకు మెండెల్ బఠాణీల పాఠం వుంది. పొడుగు మొక్కలు మూడు, పొట్టి మొక్క ఒకటి అని గడులు గీసి మార్కులు తెచ్చుకుంటారు. మీ యింట్లో అత్తకూ మామకూ ఈ లెక్క వర్తిస్తుందా అని నేను, తెలుగు మాస్టార్ని, అడిగితే తరగతంతా నవ్వింది. బఠాణీ మొక్క నుంచి మనిషి దాకా పాఠం నడవదు. ఆ మేరకు తెలియకపోవడం నిజమే. కాని తెలిసినవాళ్ళ మాటేమిటి?

సొంత సంగతి ఒకటి చెప్పక తప్పదు. 1994లో మా అక్కను మా అమ్మ తమ్ముడికిచ్చి చేశారు. అక్క అప్పటికి ఇంటరు చదువుతోంది. ఆయన పన్నెండేళ్ళు పెద్ద. కట్నం లేదు, రెండున్నర ఎకరాలు చెయ్యి జారిపోలేదు, పిల్ల అమ్మమ్మ ఇంటికే పోతుంది. మూడూ నిజమైన కారణాలే. ముక్కూ మొహం తెలియని ఇంట్లో కిరోసిన్ డబ్బాకు భయపడుతూ బతకడం కంటే ఇది మేలని మా అమ్మ అనుకున్నదంటే ఆమెను మూర్ఖురాలనడానికి నాకు నోరు రాదు. మేనరికాన్ని వట్టి మూఢాచారంగా చూపించే కథకులు ఆడపిల్ల తల్లి గుండెల్లోని ఈ భయాన్ని పట్టించుకోరు. వరకట్నపు సమాజం తాను పెట్టే భయంతోనే మేనరికాన్ని పోషిస్తోంది.

అక్కకు మొదట కొడుకు. రెండేళ్ళు దాటాక గాని వాడికి వినపడదని తెలియలేదు. అమ్మమ్మ, అంటే అప్పటికి అత్తగారు, 'మా వంశంలో ఎవరికీ లేదు, ఈమె కడుపున పుట్టింది' అన్నది. అక్క ఆమె సొంత కూతురి కూతురే. ఏ వంశం ఎక్కడ ఆగి ఏ వంశం ఎక్కడ మొదలైందో చెప్పగలిగినవాళ్ళు ఆ ఇంట్లో లేరు. అయినా నింద మాత్రం కోడలి మీదికే నడిచింది. ఆ లోపానికి మేనరికమే కారణమని ఈ రోజుదాకా ఏ పరీక్షా చేసి ఎవరూ తేల్చలేదు. హైదరాబాదులో బేగంపేటలో ఉస్మానియా విశ్వవిద్యాలయం వారి జన్యుశాస్త్ర సంస్థ వుంది, నిమ్స్‌లో ప్రత్యేక విభాగం వుంది. రోజు కూలి పోగొట్టుకుని, దారి ఖర్చులు పెట్టుకుని అంత దూరం ఎవరు పోతారు? మేనల్లుడు ఇప్పుడు ముప్ఫైకి దగ్గరపడుతున్నాడు. బట్టల కొట్టులో లెక్కలు చూస్తాడు. ఇంట్లో అందరూ వాడితో చేతులతో మాట్లాడతారు. నన్ను అనుకరిస్తూ పాఠం చెబితే నా భార్య నవ్వలేక చస్తుంది. పోటీకి వచ్చిన కథల్లో ఇట్లాంటి బిడ్డ ఒక్కడూ లేడు.

చట్టం సంగతి చూద్దాం. 1955 హిందూ వివాహ చట్టం అన్నా చెల్లెళ్ళ బిడ్డల మధ్య, మేనమామ మేనకోడళ్ళ మధ్య పెళ్ళిని నిషిద్ధ సంబంధాల్లో చేర్చింది. ఆచారం వుంటే సరేనని అదే వాక్యంలో వదిలేసింది. ఆచారం ఎవరిదన్న ప్రశ్న చట్టం వెయ్యలేదు. 1973లో భూపరిమితి చట్టం వచ్చినప్పుడు పెద్ద రైతుల భూములు ఏ బావల పేర, ఏ అల్లుళ్ళ పేర మారాయో ఊళ్ళల్లో అందరికీ తెలుసు. 1986లో ఆడపిల్లకు ఉమ్మడి ఆస్తిలో భాగం ఇస్తూ ఆంధ్రప్రదేశ్ సవరణ తెచ్చింది. ఆ భాగం గడప దాటకుండా వుండాలంటే పిల్లను గడపలోనే ఇవ్వాలి. ఆస్తి లేనివాళ్ళలోనూ మేనరికం లేదా అంటే వుంది. అక్కడ అది కట్నం లేని పెళ్ళి, కష్టమొస్తే ఆదుకునే చెయ్యి. ఒకే ఆచారం రెండు వర్గాల్లో రెండు పనులు చేస్తోంది. ఈ తేడాను పట్టుకున్న కథ రావలసే వుంది.

గోడ మీది రాత మాట్లాడని విషయం మరొకటి. 'బంధువుల్లో వద్దు' అంటుందే గాని కులం మాట ఎత్తదు. హైదరాబాదు సీసీఎంబీ శాస్త్రజ్ఞులు, హార్వర్డ్ వాళ్ళు కలిసి 2013లో, 2017లో ప్రకటించిన పరిశోధనలు మన కులాల చరిత్రను నెత్తురులో చదివాయి. సుమారు రెండువేల ఏళ్ళుగా ఎవరి కులంలో వాళ్ళు పెళ్ళాడటం వల్ల అనేక కులాలు ఒక్కొక్క పెద్ద చుట్టరికంగా మారిపోయాయి. తెలుగు ప్రాంతపు ఒక వర్తక కులంలో మత్తుమందుకు సంబంధించిన ఒక ఎంజైము లోపం ఇతరుల్లో కంటే సుమారు వంద రెట్లు ఎక్కువ. శస్త్రచికిత్సలో ఇచ్చే ఒక మందు వాళ్ళ ఒంట్లోంచి త్వరగా దిగదు. దీనికి మేనరికమే అక్కర్లేదు, కులం చాలు. మరదల్ని వద్దనుకున్న కథానాయకుడు చివరికి ఎవర్ని చేసుకుంటాడు? నేను చదివిన మూడు కథల్లోనూ తన కులం పిల్లనే. రచయితలకు అందులో చెప్పుకోవలసింది ఏమీ కనిపించలేదు.

నాలుగో కథ గురించి చెప్పలేదు. అది అచ్చుకు పనికొచ్చేంత చక్కగా లేదు, భాష తడబడింది. కాని అందులో ఒక అమ్మాయి నిశ్చయ తాంబూలాలనాటి రాత్రి తన పాత సైన్సు నోటుపుస్తకం తీసి గడులు గీసుకుంటుంది. గీసి, మూసేసి, వెళ్ళి పూలజడ వేయించుకుంటుంది. డాక్టరు లేడు, ఉపన్యాసం లేదు. దానికి బహుమతి ఇవ్వమని నేను పట్టుబట్టాను. ముగింపులో తిరుగుబాటు లేదని తోటి న్యాయనిర్ణేతలు ఒప్పుకోలేదు. ఆ తిరుగుబాటు ఎవరి దయవల్ల, ఏ జీతంతో, ఏ ఇంట్లో తలదాచుకుని చెయ్యాలో వాళ్ళూ చెప్పలేదు.

ఈ వ్యాసం రాస్తున్నది కూడా ఊరికే కాదు. అక్క రెండో సంతానం కూతురు. ఆమెను మా అబ్బాయికి చేసుకోమని అక్క రెండేళ్ళుగా అడుగుతోంది. మామూలు మేనరికంలో పుట్టే బిడ్డకు ఏదైనా ఒక జన్యువు రెండు ప్రతులూ ఒకే పూర్వీకుడి నుంచి వచ్చే అవకాశం పదహారింట ఒకటి. మా యింట్లో ఇది మేనరికం మీద మేనరికం గనక ఆ లెక్క ముప్ఫై రెండింట మూడవుతుంది. అంటే ఒకటిన్నర రెట్లు. కాగితం మీద ఈ లెక్క కట్టడం నాకు తేలికే. ముప్ఫై ఏళ్ళు నింద మోసిన అక్క దగ్గర నోరు తెరిస్తే, ఆమె పిల్లల్ని తూకం వేసినట్టే వినపడుతుంది.

మా అబ్బాయి ఫోనులో నవ్వేసి, 'నాకిప్పుడే పెళ్ళేమిటి నాన్నా' అని తప్పుకున్నాడు. మగపిల్లవాడు గనక నవ్వి తప్పుకోగలిగాడు. మేనకోడలు బీయస్సీ చివరి సంవత్సరం. బఠాణీ లెక్క నాకంటే బాగా తెలుసు. దసరాకు వచ్చినప్పుడు పెరట్లో గిన్నెలు తోముతూ, ఎవరూ లేకుండా చూసి అన్నది: 'నువ్వే వద్దను మామయ్యా. నేనంటే అమ్మ ఏడుస్తుంది, అమ్మమ్మ అన్నం మానేస్తుంది.'

సంక్రాంతికి వస్తున్నానని అక్క కబురు చేసింది.