పిడికెడు లెక్క
(ముందుమాట)

ఈ పుస్తకం రాసిన అమ్మాయి నాకు మనవరాలి వరస. వాళ్ళ నాయనమ్మ మా సంఘంలో బైబిలు స్త్రీగా పనిచేసింది. చేతిసంచిలో ఒక బైబిలు, ఒక పాటల పుస్తకం, ఒక తలనొప్పి మందు డబ్బా పెట్టుకుని మండుటెండలో పల్లె పల్లెకూ నడిచేది. అదే సంచి లాంటి సంచిలో రాతప్రతి పెట్టుకుని ఈ పిల్ల మొన్న వేసవిలో మా ఇంటికొచ్చింది. "తాతయ్యా, ముందుమాట నువ్వే రాయాలి. పొగడొద్దు" అంది. పొగడొద్దనే షరతు మీద ముందుమాట అడిగినవాళ్ళను నేను ఇంతకుముందు చూడలేదు. ముప్పై నాలుగేళ్ళు బళ్ళో తెలుగు చెప్పినవాణ్ణి కదా, ముందు తప్పుల కోసమే చదివాను. పదకొండు దొరికాయి, దిద్దాను. షరతు మాత్రం పూర్తిగా నిలబెట్టుకోలేను.

పుస్తకం చిన్నది. ఒక ఊరు, ఆ ఊళ్ళో ఒక బాప్టిస్టు సంఘం, ఆ సంఘానికి ఒక్క శరదృతువు. భాద్రపదం చివరి వానలతో మొదలై, క్రిస్మస్ రౌండ్లకు డప్పులు దులిపే వేళకు అయిపోతుంది. శరత్కాలమంటే ఆకులు ఎర్రబడి రాలే కాలమని ఇంగ్లీషు పాఠాల్లో చదువుకున్నాం గానీ, మా ప్రకాశం జిల్లాలో వేప ఆకు రాల్చేది శిశిరంలో. శరత్తు మాకు చెరువు నిండే కాలం. సజ్జ ఇంటికొస్తుంది, పొగాకు నారు పొలానికి పోతుంది, సాగరు కాలువ కింద వరి పాలుపోసుకుంటూ ఉంటుంది. రేడియోలో అల్పపీడనం మాట వినబడగానే ఇంట్లో అందరూ నోరు మూసుకుని వినే కాలం కూడా ఇదే. ఈ సంగతి పట్టుకున్నందుకే ఆ పిల్లకు సగం మార్కులు వేశాను.

మా సంఘాల చరిత్ర ఎప్పుడు చెప్పినా పెద్ద అంకెలతో చెప్పడం అలవాటైపోయింది. 1840లో అమెరికన్ మిషనరీ శామ్యూల్ డే నెల్లూరు చేరాడు. ఏళ్ళు గడిచినా ఫలం కనబడక అమెరికాలో వాళ్ళ మిషను సభ ఈ పని మూసేద్దామా అని తర్జనభర్జన పడింది. మిషన్ల పటంలో ఈ వైపున ఒకే ఒక్క చుక్కగా ఉన్నది గనక దీనికి ఒంటి నక్షత్రమని పేరొచ్చింది. 1853లో శామ్యూల్ స్మిత్ ఆ పేరు మీద ఒక పద్యమే రాశాడు. 1854 జనవరి ఒకటో తారీకు తెల్లవారుజామున జ్యూయెట్ దంపతులూ, ముగ్గురు తెలుగువాళ్ళూ ఒంగోలు కొండెక్కి ప్రార్థన చేశారు. 1866లో జాన్ క్లౌ ఒంగోలు వచ్చాడు. ఆ మరుసటి ఏడు మొదటి రోజున ఎనిమిదిమందితో ఒంగోలు సంఘం ఏర్పడింది. 1878 జూలై 3న వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మలో ఒక్కరోజే 2,222 మందికి బాప్తిస్మం. ఇంతవరకు మా సండే స్కూలు పిల్లలు కూడా నిద్దట్లో చెబుతారు.

ఆ నాలుగు రెళ్ళ వెనక ఉన్నది ధాత కరువు. 1876లో మొదలై రెండేళ్ళు జనాన్ని పీక్కుతిన్నది. క్లౌ సర్వే పని తెలిసినవాడు గనక, కరువు పనుల్లో బకింగ్‌హామ్ కాలువ మూడున్నర మైళ్ళు తవ్వించే కాంట్రాక్టు తీసుకున్నాడు. వచ్చినవాళ్ళకు పార చేతికిచ్చి కూలి ఇచ్చాడు. గడ్డివామి దగ్గరికి గొడ్లు వచ్చినట్టు కూలి కోసం మతంలోకి వచ్చారనే మాట పడకూడదని, కరువు పనులు నడిచినంత కాలం ఏడాదికి పైగా బాప్తిస్మాలు ఆపేశాడు. అంత జాగ్రత్తపడినా ఆ మాట పడనే పడింది. కూటి కోసం మారినవాళ్ళు అనే మాట మా తాత విన్నాడు, మా నాన్న విన్నాడు, నేను బళ్ళో చేరిన మొదటి వారం విన్నాను.

ఇంకొక సంగతి. మా పెద్దల గురించి రాసినవన్నీ ఎవరు రాశారు? మిషనుకు పోయిన ఉత్తరాలు, నివేదికలు. యెర్రగుంట్ల పేరయ్యలాంటి వాడు తోళ్ళ వ్యాపారం చేసుకుంటూ తిరిగి, క్లౌ రాకముందే సువార్త విని, ఇంటికొచ్చి పల్లెల్లో చెప్పుకున్నాడంటే, ఆ కథ మన చేతికి వచ్చింది కూడా ఇంగ్లీషు పుస్తకాల మీదుగానే. క్లౌ భార్య ఎమ్మా రాషెన్‌బుష్ క్లౌ చెప్పులు కుట్టే మా వాళ్ళ మీద 1899లో ఒక పుస్తకమే రాసింది. మంచి పుస్తకం. ఆమెకు మా వాళ్ళంటే గౌరవం ఉంది. కానీ చెప్పులు కుట్టినవాడి మనవరాలి మనవరాలు కలం పట్టినప్పుడు ఏది ముందు కనబడుతుందో, అది వేరే. ఈ అమ్మాయికి 2,222 కనబడలేదు. బియ్యం డబ్బా కనబడింది.

పిడికెడు బియ్యం సంగతి మా సంఘాల్లో పెరిగినవాళ్ళకు చెప్పక్కర్లేదు. మిగతావాళ్ళ కోసం చెబుతాను. పూటపూటకూ ఎసట్లో పొయ్యబోయే బియ్యంలోంచి ఇల్లాలు ఒక పిడికెడు తీసి వేరే డబ్బాలో వేస్తుంది. ఆదివారం ఆ డబ్బా స్త్రీల సమాజానికి పోతుంది. మా ఇంట్లో అది పాత పాల డబ్బా, మూతకు సొట్ట. రెండు మానికల బియ్యం వండే ఇంట్లో ఒక పిడికెడు తగ్గితే ఎవరికీ తెలియదు. సోలెడు వండే ఇంట్లో తెలుస్తుంది. ఎవరి కంచంలోంచి తగ్గిందో కూడా తెలుస్తుంది. నా చిన్నప్పుడు ఆ పిడికెడు ఎప్పుడూ అమ్మ వంతులోంచే పోయేదని నాకు పెళ్ళయ్యాక, మా ఆవిడ చేస్తుంటే చూసి అర్థమైంది. ఈ పుస్తకంలో రెండో అధ్యాయం మొత్తం ఆ డబ్బాల మీదే. ఏ ఇంటి పిడికిలి ఎంత, ఎవరు సన్నబియ్యం వేస్తారు, ఎవరు రేషను బియ్యం వేస్తారు, కలిసిన బియ్యాన్ని చెరిగేటప్పుడు ఆడవాళ్ళు ఏం మాట్లాడుకుంటారు, ఆ బియ్యం చివరికి ఏ ఇంటి పొయ్యి మీదికి చేరుతుంది, ఇవన్నీ దగ్గర కూర్చుని రాసింది. చేరే ఇళ్ళలో సంఘంలో లేనివాళ్ళవి కూడా ఉన్నాయి. బాలింత ఉన్న ఇల్లు, మగదిక్కు లేని ఇల్లు, కొడుకు హైదరాబాదులో మేస్త్రీ పనికి పోయి డబ్బు పంపడం మానేసిన ముసలివాళ్ళ ఇల్లు. మతం అడిగి కొలిచే బియ్యం కాదిది. బియ్యం కోసం వచ్చారని మాటపడ్డ ఇళ్ళలోంచి నూటయాభై ఏళ్ళకు దగ్గరగా బియ్యం బయటికి పోతూనే ఉందని లెక్క తీసి చూపించినవాళ్ళు నాకు తెలిసి ఈ అమ్మాయికి ముందు లేరు. ఆ లెక్క తీసి, దాని మీద ఒక్క వ్యాఖ్య కూడా చెయ్యలేదు. నేనైతే ఆగలేకపోయేవాణ్ణి. ఇదిగో, ఇక్కడ ఆగలేకపోయాను కూడా.

కోత పండుగ అధ్యాయం నవ్విస్తుంది. ఈ పండుగ పుట్టుక గురించి పిల్లలు అడుగుతుంటారు గనక ఒక ముక్క. ఇంగ్లండులో కార్న్‌వాల్ తీరాన మోర్వెన్‌స్టో అనే ఊళ్ళో 1843లో హాకర్ అనే పాదిరి పాత కోత సంబరాన్ని గుడిలోకి తెచ్చి ఆరాధన చేశాడు. అక్కణ్ణుంచి అది పాకింది. అమెరికావాళ్ళకు నవంబరు చివరి గురువారం కృతజ్ఞతా దినంగా లింకన్ 1863లో ప్రకటించాడు. మా దొరలు వాళ్ళ పండుగలు వాళ్ళ నెలల్లోనే తెచ్చుకుని ఉంటారు. మా వరి ఇంకా పొలంలోనే ఉంటుంది, మేము నవంబరులో కోతకు వందనాలు చెబుతాం! ఒకాయన, మంచి రైతు, సంఘ సమావేశంలో లేచి సంక్రాంతి దాకా ఆగుదామని తీర్మానం పెట్టాడట. బాప్టిస్టుల్లో బిషప్పు ఉండడు గనక చెయ్యెత్తి తేల్చుకోవలసిందే. మూడు గంటలు తేల్చుకున్నారు. షామియానా ఎవరి దగ్గర తేవాలనే దాని మీద ఇంకో గంట. తీర్మానం ఓడిపోయింది. ఓడినాయనే ఆ ఆదివారం అందరికంటే పెద్ద సజ్జకంకుల మోపు నెత్తిన పెట్టుకుని వచ్చాడని రాసింది చూడండి, మా సంఘం అంటే ఏమిటో పాస్టరు గారి ప్రసంగాల కంటే ఆ వాక్యంలో ఎక్కువ తెలుస్తుంది.

పొలంలో పరిగె ఏరుకున్న రూతు కథ కోత పండుగ రోజు చదువుతారు. ఇతరులకు అది బైబిలు కథ. మా ముసలమ్మలకు పరిగె ఏరుకోవడమంటే నడుము నొప్పి. పొలం వేరేవాళ్ళది, కోత వేరేవాళ్ళది, రాలిన కంకి మాత్రం తమది. ఇప్పుడు కోత మిషన్లు వచ్చాక పరిగె కూడా లేదు. దీన్ని పుస్తకంలో ఒక పేరాలో తేల్చేసింది. ఇంకొంచెం రాయవలసింది.

తుపాను రాత్రి మాత్రం తీరిగ్గా రాసింది, బాగా రాసింది. 1977 నవంబరు 19న దివిసీమను సముద్రం మింగినప్పుడు నాకు ఇరవై తొమ్మిదేళ్ళు. సంఘంలో పోగుచేసిన బట్టలూ బియ్యమూ లారీకెత్తుకుని కుర్రాళ్ళం వెళ్ళాం. అక్కడ చూసింది ఇంతవరకూ ఇంట్లో కూడా చెప్పలేదు, ఇక్కడా చెప్పను. అందుకే ఈ అధ్యాయం మొదలుపెట్టడానికి వెనకాడాను. ఆమె రాసింది ఈమధ్యటి చిన్న తుపాను. ప్రాణాలేమీ పోలేదు. ఊళ్ళో పెంకుటిళ్ళు కురిసి, రాత్రి పదింటికి కరెంటు పోయి, స్లాబు ఉన్న పెద్ద కట్టడం మా గుడి ఒక్కటే కావడంతో జనం అటు నడిచారు. మా గుడి పల్లెలో ఉంది. ఊరినుంచి పల్లెకు రావాలంటే నడక నాలుగు నిమిషాలే గానీ, ఆ నాలుగు నిమిషాలు నడవడానికి కొన్ని ఇళ్ళవాళ్ళకు రెండు మూడు తరాలు పట్టింది. కొందరు లోపలికొచ్చి గోడవారన నిలబడ్డారట. కార్తీక సోమవారం ఉపవాసంలో ఉన్న ఒకావిడ పొద్దుటినుంచి ఏమీ తినలేదు. డీకను గారి భార్య ఆమెకు అరటిపళ్ళు, పాలు విడిగా పెట్టింది. మిగతావాళ్ళకు పిడికెడు బియ్యంతోనే గంజీ, పప్పూ. సంఘం బయటివాళ్ళను చేరడం గురించి మీటింగుల్లో చాలా మాటలు విన్నాను. ఆ రాత్రి బయటివాళ్ళే తలుపు తట్టారు, లోపలివాళ్ళు చాపలు సరిపోక ఇళ్ళకు పరిగెత్తారు. మర్నాడు ఎవరూ సాక్ష్యం చెప్పలేదు. చాపలు మాత్రం నాలుగు తక్కువయ్యాయి.

ఇదే అధ్యాయంలో మైకుల మీద ఆమె విసురు కూడా ఉంది. నేను పూర్తిగా ఆమె పక్షం. నా చిన్నప్పుడు సువార్త కూటమంటే పెట్రోమాక్సు లైటు, హార్మణీ, ఆంధ్ర క్రైస్తవ కీర్తనల్లో నాలుగు పాటలు. వినాలనుకున్నవాడు దగ్గరికొచ్చి కూర్చునేవాడు. ఇప్పుడు వినొద్దనుకున్నవాడి చెవిలోనే పెట్టి ఊదుతున్నారు. ఇది రాసినందుకు మా యవ్వనస్తులు నామీద కోపం తెచ్చుకున్నా సరే. పరీక్షలకు చదువుకునే పిల్లలు అన్ని ఇళ్ళలోనూ ఉంటారు.

ఒక అధ్యాయం తీసెయ్యమని ఆమెకు నేనే చెప్పాను. సంఘపు రిజిస్టరులో ఒక పేరు, బడి రిజిస్టరులో ఇంకో పేరు ఉండడం గురించిన అధ్యాయం అది. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం షెడ్యూల్డు కులంవాడు క్రైస్తవుడైతే ఆ హోదా పోతుంది. సిక్కులకు 1956లో, బౌద్ధులకు 1990లో సడలించారు, మాకు లేదు. అంటరానితనం మాత్రం బాప్తిస్మపు నీళ్ళల్లో కడుక్కుపోదు, బావి దగ్గర అలాగే ఉంటుంది. పిల్లవాడి చదువు ముందు నిలబడ్డ తండ్రి ఏ పేరు రాయిస్తాడు? "ఇవన్నీ బయటపెడితే ఎవరికో ఇబ్బంది, వదిలెయ్యమ్మా" అన్నాను. వినలేదు. పేర్లు, ఊళ్ళు మార్చి, తనకు ఆరో తరగతిలో ఏ పేరు ఉండేదో దానితోనే మొదలుపెట్టి రాసింది. మళ్ళీ చదివాను. నా మాట విననందుకు సంతోషించాను. ఏళ్ళ తరబడి హాజరుపట్టీలో ఆ రెండో పేర్లు పిలిచిన మాస్టర్లలో నేనూ ఒకణ్ణి.

లోపాలు లేవా అంటే ఉన్నాయి. బాప్తిస్మం గురించి రెండే పేజీలు, అదీ సిమెంటు తొట్టి గురించి. చెరువు నిండిన కార్తీకంలో, నడుములోతు చన్నీళ్ళలో, గట్టు మీద తువ్వాలు పట్టుకుని తల్లులు నిలబడ్డ రోజులు ఆమె చూడలేదు. చూసినవాళ్ళం ఇంకా అయిదారుగురం ఉన్నాం. రెండో ముద్రణకైనా వచ్చి అడిగితే చెబుతాం, త్వరగా వస్తే మంచిది.

చివరగా ఒక సవరణ, ఇది అచ్చయ్యేలోపు దిద్దమన్నా దిద్దలేదు గనక ఇక్కడే రాస్తున్నాను. కోత పండుగ వేలంపాటలో నేను ఒక గుమ్మడికాయను నాలుగు వందల పదికి పాడానని రాసింది. అది బూడిద గుమ్మడికాయ. నాకు పోటీగా పాడింది ఊళ్ళో కిరాణా కొట్టాయన. కొత్త కొట్టు గుమ్మానికి దిష్టికి కట్టుకుందామని మా గుడి వేలానికి వచ్చాడు. మా ఇంట్లో వడియాల కోసం నేను వచ్చాను. నాలుగు వందల పది దగ్గర ఆగింది నేను, పాడుకుపోయింది ఆయన. మా గుడి వేలంలో పోయిన కాయ ఇప్పటికీ ఆ కొట్టు ముందు వేలాడుతోంది. మా ఇంట్లో ఆ ఏడాది వడియాలు లేవు.